ఇంటిల్లిపాదీ ఫోన్ తగ్గించాలంటే: బుట్టా, లిమిటా, పందెమా?

ఫోన్ తగ్గించుకోవాలని ఇంట్లో ఒక్కరే అనుకుంటే అది వారం రోజుల ముచ్చట. పక్కన కూర్చున్నవాళ్లు రీల్స్ చూసి నవ్వుతుంటే మన చెయ్యి కూడా జేబులోకి వెళ్తుంది. అందుకే చాలామంది ఇప్పుడు ఇంట్లోవాళ్లతోనో, స్నేహితులతోనో కలిసి ఏదో ఒక కట్టుబాటు పెట్టుకుందామని చూస్తున్నారు. తీరా చేసేదేమిటంటే, తమకు ఏది సరిపోతుందో చూసుకోకుండా ఎవరో చెప్పినదాన్ని తెచ్చి ఇంటి మీద రుద్దుతారు. పదో తరగతి పిల్లాడి ఫోన్‌కి నాన్న లిమిట్ పెట్టి, తను మాత్రం సోఫాలో పడుకుని షార్ట్స్ చూస్తుంటాడు. ఆ లిమిట్ ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పక్కర్లేదు.

వాడుకలో ఉన్న పద్ధతుల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: నిమిషాలు లెక్కపెట్టే పద్ధతుల కంటే, చోటునీ వేళనీ బట్టి పెట్టుకున్నవే ఇళ్లలో ఎక్కువ కాలం నిలుస్తాయి. 'రోజుకి గంటన్నర మించకూడదు' అంటే ఎవరో ఒకరు లెక్క చూడాలి, కాపలా కాయాలి, చివరికి పోట్లాడాలి. 'అన్నం దగ్గర ఫోన్ ఉండదు' అంటే ఉందో లేదో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. కాపలా పని తప్పుతుంది.

ముందు ఒక వారం ఊరికే గమనించండి

ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ 2018లో వచ్చాయి. సెట్టింగ్స్‌లో ఉంటాయి, వేరే యాప్ వేసుకోనక్కర్లేదు. అందరూ మొదట గంటలు చూసి 'నీది ఆరు, నాది నాలుగే' అని వెక్కిరించుకుంటారు. గంటల లెక్కని అంతగా నమ్మలేం. అమ్మ వీడియో పెట్టుకుని గంటసేపు వంట చేస్తే అదీ అందులో కలుస్తుంది. మ్యాప్ చూసుకుంటూ హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా కారు నడిపితే అదీ కలుస్తుంది.

రోజుకి ఎన్నిసార్లు ఫోన్ తీశారు, ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయి, ఎక్కువ సమయం తిన్న మూడు యాప్‌లు ఏవి అన్నవి చూడండి. నిమిషానికోసారి తీసి చూసే మనిషి ఒకరు. పగలంతా బుద్ధిగా ఉండి, రాత్రి పదింటి తర్వాత ఏకబిగిన మూడు గంటలు సిరీస్ చూసే మనిషి ఇంకొకరు. మొదటి మనిషికి నోటిఫికేషన్లు ఆపడం, అన్నం వేళ ఫోన్లు పడేసే బుట్ట పని చేస్తాయి. రెండో మనిషికి బుట్ట వల్ల ఒరిగేదేమీ లేదు, ఫోన్ పడకగది బయట ఉండాలి. ఇంట్లో ఇద్దరూ ఉంటే రెండూ పెట్టుకోవాలి.

అన్నం దగ్గర బుట్ట

ఖర్చు లేనిది, ఎవరికైనా ఇట్టే అర్థమయ్యేది ఇదే. రాత్రి భోజనానికి కూర్చునే ముందు అందరి ఫోన్లూ ఒక బుట్టలోకో, ఫ్రిజ్ మీదకో వెళ్లిపోవాలి. కంచం పక్కన బోర్లా పెట్టడం లెక్కలోకి రాదు. ఇది చాదస్తంలా అనిపించొచ్చు గానీ, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. మూడు వందల మందికి పైగా మనుషుల్ని వాళ్ల స్నేహితులతో, కుటుంబసభ్యులతో కలిపి కేఫ్‌లో భోజనానికి కూర్చోబెట్టారు. కొందరి ఫోన్లు టేబుల్ మీదే ఉంచారు, కొందరివి పక్కన పెట్టించారు. 2018లో ఫలితాలు ప్రచురించారు. ఫోన్ చేతికందేలా ఉన్నవాళ్లకి ధ్యాస ఎక్కువ చెదిరింది, కలిసి తిన్న సంతోషం కాస్త తగ్గింది. తేడా పెద్దదేమీ కాదు. కానీ ఉంది.

మన ఇళ్లలో అసలు చిక్కు వేరే చోట ఉంది. చాలా ఇళ్లలో అందరూ ఒకేసారి తినరు. పిల్లలు ఎనిమిదికే తినేస్తారు, ఆయన తొమ్మిదిన్నరకి ఆఫీసు నుంచి వస్తాడు, ఆవిడ అందరికీ వడ్డించి చివర్లో తింటుంది. ఉమ్మడి భోజనమే లేని ఇంట్లో భోజనాల నియమం పెట్టుకుంటే అది గోడ మీద కాగితంగానే మిగులుతుంది. అలాంటి ఇళ్లకి సాయంత్రం టీ వేళ మేలు. లేదా ఎవరు ఇంటికొచ్చినా మొదటి అరగంట ఫోన్ ముట్టుకోకూడదు అన్న నియమం మేలు. గుమ్మం పక్కన తాళాలు తగిలించేచోటే ఫోన్ కూడా పెట్టేయడం చాలామందికి సులువుగా అలవాటవుతుంది.

రెండో చిక్కు అమెరికా ఫోను. కొడుకు డాలస్‌లో ఉంటే మనకి రాత్రి ఎనిమిదిన్నర అయ్యేసరికి అక్కడ పొద్దున తొమ్మిదో పదో అవుతుంది, వేసవినీ చలికాలాన్నీ బట్టి. ఆ కుర్రాడికి ఖాళీ దొరికేది అప్పుడే. సరిగ్గా ఆ వేళకే ఫోన్లు బుట్టలో పడేస్తామంటే పెద్దవాళ్లకి మనసొప్పదు, ఒప్పకూడదు కూడా. ఆ ఒక్క ఫోన్‌కి మినహాయింపు ఇవ్వండి. వీలైతే ఆ వీడియో కాల్‌ని టీవీకి కలిపి అందరూ కూర్చుని మాట్లాడండి. స్క్రీన్ వాడినట్టే, కానీ మనం తగ్గించాలనుకున్నది దాన్ని కాదు కదా.

మిగతా మినహాయింపులు కూడా ముందే మాట్లాడుకోవాలి. డ్యూటీలో ఉన్న డాక్టరు, ఆన్-కాల్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఊళ్లో ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులు, డెలివరీ కుర్రాడు అడిగే ఓటీపీ. ఇవేవీ లేనట్టు నియమం రాసుకుంటే రెండో రోజే తప్పుతుంది. దీనికి నాకు నచ్చిన ఏర్పాటు ఒకటుంది: బుట్టలో ఫోన్లకి రింగు ఉండాలి, మెసేజ్ చప్పుడు ఉండకూడదు. కాల్ వస్తే లేచి వెళ్లి అక్కడే నిలబడి మాట్లాడి, ఫోన్ అక్కడే వదిలేసి రావాలి. మనిషి ఫోన్ దగ్గరికి వెళ్లొచ్చు, ఫోన్ మాత్రం కంచం దగ్గరికి రాకూడదు.

టీవీ సంగతి అడుగుతారు. ఐపీఎల్ రోజుల్లో ఏడున్నరకే మ్యాచ్ మొదలవుతుంది, ఇంట్లో సీరియల్ ఉండనే ఉంటుంది. నలుగురూ నాలుగు తెరలు చూడటం కంటే నలుగురూ ఒకే తెర చూసి తిట్టుకోవడం నయమని నా లెక్క. ముందు ఫోన్ తేల్చుకోండి, టీవీతో గొడవ తర్వాత పెట్టుకోవచ్చు.

చంటిపిల్లలున్న ఇంట్లో మాత్రం ఈ బుట్ట ఇంకా అవసరం. ఫోన్‌లో పాట పెడితేగానీ ముద్ద దిగని పిల్లలు ఇవాళ వీధికి నలుగురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకి స్క్రీన్ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంట మించకూడదు, ఇంకా తక్కువైతే మంచిది. అమ్మమ్మతో వీడియో కాల్‌ని దీంతో కలిపి కంగారుపడక్కర్లేదు, అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం కూడా పసివాళ్ల విషయంలో వీడియో కాల్స్‌ని మినహాయించింది. ఫోన్ మానిపించిన మొదటి రోజుల్లో పిల్ల సరిగా తినదు, నాయనమ్మ గోల పెడుతుంది. ఆ నాలుగు రోజులు పెద్దవాళ్లంతా ఒకే మాట మీద ఉండాలి. ఒకరు దాచి ఇంకొకరు తీసిస్తే ఏడిస్తే చాలని పిల్లకి తెలిసిపోతుంది.

రాత్రి హాల్లో ఛార్జింగ్

ఈ పద్ధతులన్నింట్లో ఒక్కటే పెట్టుకోవాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను. రాత్రి పదికో పదిన్నరకో అందరి ఫోన్లూ హాల్లో ఒకేచోట ఛార్జింగ్‌కి పెట్టాలి, పొద్దున మొహం కడుక్కునేదాకా తియ్యకూడదు. బుట్టతో మిగిలేది అరగంట. దీంతో పడుకోబోయే ముందు గంటా, లేచాక అరగంటా మిగులుతాయి, నిద్ర అదనం. పైగా కాపలా ఇంకా తక్కువ: ఎక్స్‌టెన్షన్ బోర్డుకి నాలుగు ఫోన్లుండాల్సిన చోట మూడే ఉంటే దారిన పోయేవాళ్లకి కూడా తెలుస్తుంది.

దీనికి వినిపించే మొదటి సాకు అలారం. మామూలు టేబుల్ గడియారం కొనండి, పెద్ద ఖర్చేమీ కాదు. రెండో సాకు 'అర్ధరాత్రి ఎవరికైనా ఏమైనా అయితే?' ఇది సాకు కాదు, నిజమైన భయం. ఆండ్రాయిడ్‌లో డూ నాట్ డిస్టర్బ్ పెట్టుకుని, ముఖ్యమైన నంబర్లకి స్టార్ పెట్టి వాటిని మాత్రం అనుమతించొచ్చు. అదే మనిషి పదిహేను నిమిషాల్లోపు రెండోసారి చేస్తే మోగేలా కూడా పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. హాల్లో రింగ్ గట్టిగా పెట్టండి, తలుపు ఓరగా వేయండి.

పెళ్లైన కొత్తలో ఉన్న జంటలకీ, ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లకీ ఇది బాగా కలిసొస్తుంది. ఇంటర్ పిల్లల దగ్గర ఒక మెలిక ఉంటుంది: 'నోట్స్ ఫోన్‌లోనే ఉన్నాయి' అంటారు, అది అబద్ధం కూడా కాదు. కాలేజీలు పీడీఎఫ్‌లు వాట్సాప్‌లోనే పంపుతున్నాయి. అవసరమైనవి ప్రింట్ తీయించండి, లేదా ల్యాప్‌టాప్ ఉంటే అందులో హాల్లో కూర్చుని చదువుకోనివ్వండి. అప్పుడు మీ ఫోన్లు కూడా అదే బోర్డుకి వేలాడుతుండాలి.

యాప్ లిమిట్లు: ఎంతవరకు నమ్మొచ్చు

ఫలానా యాప్‌కి రోజుకి అరగంట అని పెట్టుకోవడం మొదటి వారం బాగానే ఉంటుంది. డిజిటల్ వెల్‌బీయింగ్‌లో పెట్టిన టైమర్ అర్ధరాత్రి దాటగానే మళ్లీ మొదలవుతుంది, మధ్యలో కావాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎవరైనా తీసేసుకోవచ్చు. మన మీద మనమే పెట్టుకున్న కాపలా అది, లంచం కూడా మనమే ఇచ్చుకుంటాం. అలాగని పూర్తిగా కొట్టిపారేయలేం. అమెరికాలో ఆర్థికవేత్తలు ఆల్‌కాట్, గెంట్స్‌కో, సాంగ్ 2022లో ప్రచురించిన అధ్యయనంలో, తమకు తామే లిమిట్ పెట్టుకునే వీలిస్తే సోషల్ మీడియా వంటి యాప్‌ల వాడకం దాదాపు 16 శాతం తగ్గింది. తగ్గడానికి చాలామంది సిద్ధంగానే ఉన్నారు, చేతికి ఒక సాయం కావాలి.

ఆ సాయం పక్కమనిషి నుంచి వస్తే ఇంకా గట్టిగా ఉంటుంది. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్‌కి పాస్‌కోడ్ పెట్టే వీలుంది. మీ ఫోన్‌లో ఆ స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్ మీ చెల్లెలు పెడుతుంది, తన ఫోన్‌లోది మీరు పెడతారు. టైమ్ అయ్యాక ఇంకో పది నిమిషాలు కావాలంటే వెళ్లి అడగాలి. అడగటానికి కలిగే ఆ చిన్న నామోషీ సాఫ్ట్‌వేర్ కంటే బాగా పనిచేస్తుంది. అన్నాచెల్లెళ్ల మధ్య, రూమ్మేట్ల మధ్య ఇది చక్కగా నడుస్తుంది. భార్యాభర్తల మధ్య నేను సిఫారసు చేయను. 'ఎందుకు, ఎవరితో' అన్న ప్రశ్నల్లోకి దిగిపోతుంది.

పిల్లల ఫోన్లకైతే గూగుల్ ఫ్యామిలీ లింక్ ఉంది. తల్లిదండ్రుల ఫోన్ నుంచే పిల్లల ఆండ్రాయిడ్ ఫోన్‌కి రోజువారీ పరిమితి, నిద్ర వేళ పెట్టొచ్చు, కొత్త యాప్‌లకి అనుమతి ఇవ్వొచ్చు, మానొచ్చు. పది పన్నెండేళ్లలోపు పిల్లలకి ఇది మంచి పని చేస్తుంది. పదిహేనేళ్లు దాటినవాళ్ల మీద పెడితే పిల్లి-ఎలుక ఆట మొదలవుతుంది. స్నేహితుడి ఫోన్, బీరువాలో పడేసిన పాత ఫోన్, యాప్ మూస్తే బ్రౌజర్, ఇలా దారులు వాళ్లకి బాగా తెలుసు.

రాత్రి పదికి వైఫై ఆగిపోయేలా రూటర్‌లో టైమ్ పెట్టడం ఇంకో సలహా, చాలా రూటర్లలో ఆ వీలుంది. మన దగ్గర దాని వల్ల పెద్ద లాభం లేదు. ప్రతి ఫోన్‌లోనూ రోజుకి ఒకటిన్నర, రెండు జీబీల ప్యాక్ ఉంటుంది. అర్ధరాత్రి పన్నెండు దాటగానే కొత్త డాటా వస్తుందని మేలుకుని ఎదురుచూసే మహానుభావులు కూడా ఉన్నారు. సిమ్ లేని టాబ్లెట్, స్మార్ట్ టీవీలకి మాత్రం ఈ పద్ధతి పనికొస్తుంది.

స్నేహితుల మధ్య అయితే

ఇంట్లో నడిచే నియమం స్నేహితుల దగ్గర నడవదు, అక్కడ ఎవరి మీదా ఎవరికీ పెత్తనం ఉండదు. ఆటలా ఉంటేనే సాగుతుంది. హోటల్లో కూర్చున్నప్పుడు ఫోన్లన్నీ టేబుల్ మధ్యలో దొంతరగా పెట్టి, ముందు ముట్టుకున్నవాళ్లే బిల్లు కట్టాలి అనే పందెం చాలాచోట్ల ఉంది. నెలకోసారి కలిసే పాత బ్యాచ్‌కి సరదాగా ఉంటుంది. రోజూ కలిసేవాళ్లు మాత్రం దీన్ని పెట్టుకోకండి. బిర్యానీ బిల్లు పదే పదే ఒకడి మీదే పడితే వాడు రావడమే మానేస్తాడు. డబ్బు జరిమానాల కంటే పని జరిమానాలు నయం: ఫోన్ తీసినవాడు గిన్నెలు కడగాలి, లేదా అందరికీ టీ తేవాలి.

కలిసి చదువుకునేవాళ్లకి నేను చెప్పేది ఫారెస్ట్ యాప్. తైవాన్ కంపెనీ చేసింది. టైమ్ పెట్టి ఒక మొక్క నాటుతారు, ఆ టైమ్ అయ్యేదాకా ఫోన్ ముట్టుకోకపోతే మొక్క చెట్టవుతుంది, మధ్యలో వేరే యాప్‌లోకి పోతే ఎండిపోతుంది. స్నేహితులు కలిసి నాటే వీలు కూడా ఉంది, అందులో ఒక్కరు తప్పినా అందరి చెట్టూ పోతుంది. మనది పోతే పోయిందిలే అనుకునేవాళ్లు కూడా పక్కవాడి చెట్టు చంపడానికి వెనకాడతారు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివేవాళ్లు, చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దుటి నుంచి కూర్చునేవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఇలా గంట గంటకి పెట్టుకోవచ్చు. వేర్వేరు ఊళ్లలో ఉన్నా కుదురుతుంది, అది బుట్టకి లేని సౌకర్యం. ఒకటే ఇబ్బంది: ఫోన్ ఎదురుగానే ఉంటుంది. చదువుకునే టేబుల్ మీద కాకుండా బ్యాగులో పడేసి నాటితే సగం పోరు తగ్గుతుంది.

కాలేజీ పిల్లలకి పూర్తిగా మానేయండి అని చెప్పక్కర్లేదు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో 2018లో 143 మంది విద్యార్థులతో చేసిన అధ్యయనంలో, ఒక వర్గాన్ని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కొక్కటి రోజుకి పది నిమిషాలే వాడమన్నారు. మూడు వారాల తర్వాత వాళ్లలో ఒంటరితనం, దిగులు తగ్గాయి. పది నిమిషాలంటే స్నేహితుల సంగతులు తెలుసుకోవడానికి సరిపోతుంది, గంటలు గంటలు స్క్రోల్ చేయడానికి సరిపోదు.

ఊరంతా కలిసి

దీని గురించి మాట్లాడితే మహారాష్ట్రలోని సాంగ్లి జిల్లా మోహిత్యాంచే వడగావ్ పేరు చెప్పాలి. కోవిడ్‌లో ఆన్‌లైన్ క్లాసుల పేరుతో చేతికొచ్చిన ఫోన్ బడులు తెరిచాక కూడా పిల్లల్ని వదల్లేదు. 2022 ఆగస్టు 15న ఊరు ఒక నిర్ణయం తీసుకుంది. సాయంత్రం ఏడింటికి సైరన్ మోగుతుంది, టీవీలూ ఫోన్లూ ఆపాలి. ఎనిమిదిన్నరకి మళ్లీ సైరన్, అప్పుడు తెరవొచ్చు. ఆ గంటన్నరలో పిల్లలు చదువుకుంటారు, పెద్దలు కబుర్లు చెప్పుకుంటారు. మొదట్లో జనం నవ్వారట. పంచాయతీ సిబ్బంది ఇంటింటికీ తిరిగి చెప్పాల్సొచ్చింది.

ఇందులో తెలివి ఏమిటంటే, ఆ వేళ నీ ఫోన్‌లో కూడా ఏమీ జరగదు. నీకు మెసేజ్ పెట్టేవాళ్లు కూడా ఆపేశారు కాబట్టి ఏదో తప్పిపోతున్నామన్న టెన్షన్ ఉండదు. పెద్ద ఊరిలో, రెండు వందల ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో సైరన్ మోగిస్తే సెక్యూరిటీతో గొడవే మిగులుతుంది. అదే అంతస్తులో నాలుగైదు ఇళ్లు, లేదా ఒకే బడికి వెళ్లే పిల్లలున్న ఆరు కుటుంబాలు అనుకుంటే కుదురుతుంది. 'వాళ్లింట్లో ఇస్తారు, మీరే ఇవ్వరు' అన్న పిల్లల వాదన అక్కడితో పడిపోతుంది. టీనేజీ పిల్లలున్నవాళ్లు మిగతా పద్ధతుల కంటే ముందు దీన్ని ప్రయత్నించాలి. పిల్లాడి నలుగురు స్నేహితుల తల్లిదండ్రులతో ఒక్కసారి మాట్లాడటం పది యాప్‌లకి సాటి.

ఆదివారం ఒక పూట, కీప్యాడ్ ఫోన్

ఆదివారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఫోన్ బంద్ అనే నియమం వినడానికి బాగుంటుంది. ఆ పూట చేయడానికి ఏమీ లేకపోతే పదకొండింటికల్లా ఇల్లు చిరాకుతో నిండిపోతుంది. ఫోన్ బంద్ కంటే ముందు పని పెట్టుకోండి: రైతుబజారుకి అందరూ కలిసి వెళ్లడం, క్యారమ్స్, వైకుంఠపాళి, మేనత్త ఇంటికి పోవడం. పని ఉంటే ఫోన్ దానంతటదే పక్కకి పోతుంది.

కీప్యాడ్ ఫోన్‌కి మారడం గురించి స్నేహితులు ఇద్దరు ముగ్గురు కలిసి ఆలోచిస్తుంటే, నాకు కొంచెం అనుమానమే. కాల్స్‌కీ ఓటీపీ మెసేజ్‌లకీ ఇబ్బంది ఉండదు. 2022 మార్చిలో యూపీఐ 123పే వచ్చాక ఇంటర్నెట్ లేని ఫోన్ నుంచి కూడా డబ్బు పంపొచ్చు. కానీ చాలా కీప్యాడ్ ఫోన్లతో కూరగాయల బండి దగ్గర క్యూఆర్ స్కాన్ చేయలేరు, క్యాబ్ బుక్ చేయలేరు, పిల్లల స్కూల్ గ్రూప్ చూడలేరు. చివరికి స్మార్ట్ ఫోన్ కూడా సంచిలో మోస్తారు. పరీక్షల ముందు రెండు మూడు నెలలు చదువుకునేవాళ్లకైతే సరే. సంసారం చేసేవాళ్లు ఉన్న ఫోన్‌లోనే రెండు యాప్‌లు తీసేసుకోవడం తేలిక. టైమర్ ఉన్న తాళం డబ్బాలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. నా దృష్టిలో డబ్బు దండగ, కొన్నింటినైతే ఆపదలో తీయాలంటే పగలగొట్టాలి.

వాట్సాప్ గ్రూపుల సంగతి

ఇవన్నీ పెట్టుకునే ముందు చేయదగ్గ పని ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ పద్ధతి కింద లెక్కవేయరు. ఒకరి ఫోన్ రోజంతా మోగడానికి కారణం చాలావరకు ఇంట్లోవాళ్లే, చుట్టాలే. గుడ్ మార్నింగ్ పువ్వులు, పండగ శుభాకాంక్షలు, ఒకే వీడియో నాలుగు గ్రూపుల్లో. బంధువుల గ్రూపుల్ని 'ఎప్పటికీ' మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేయండి, వాళ్లకి తెలియదు, బాధపడరు. అవసరమైన మాట కోసం నలుగురే ఉన్న చిన్న గ్రూప్ ఒకటి పెట్టుకుని దానికి మాత్రం చప్పుడు ఉంచండి. 'తొందరైతే కాల్ చెయ్యండి, మెసేజ్ అయితే రాత్రికి చూస్తాను' అని దగ్గరివాళ్లకి చెప్పేస్తే సగం సార్లు ఫోన్ తీసి చూడాల్సిన పనే ఉండదు.

మరి ఎవరికి ఏది?

చంటిపిల్లలుంటే అన్నం దగ్గర బుట్ట, అది కూడా ముందు పెద్దవాళ్లకి. బడి పిల్లలుంటే ఫ్యామిలీ లింక్‌తో పాటు హాల్లో ఛార్జింగ్. టీనేజీ పిల్లలుంటే వాళ్ల స్నేహితుల కుటుంబాలతో ఒప్పందం, దానికి తోడు మళ్లీ హాల్లో ఛార్జింగే. దంపతులిద్దరే ఉంటే ఇంటికొచ్చిన మొదటి అరగంట. రూమ్మేట్లయితే పాస్‌కోడ్ మార్పిడి, చదువుకునేవాళ్లయితే ఫారెస్ట్, నెలకోసారి కలిసే స్నేహితులైతే బిల్లు పందెం. ఒకేసారి రెండింటికి మించి పెట్టుకోవద్దు.

ఇంట్లో పెద్దవాళ్లని మాత్రం వేరుగా చూడండి. బయటికి వెళ్లలేని తాతగారికి యూట్యూబ్‌లో పాత హరికథలు, ప్రవచనాలే కాలక్షేపం. పిల్లలకి పెట్టిన నియమమే ఆయనకీ పెట్టి ఫోన్ లాక్కుంటే, బదులుగా ఇంట్లో ఎవరో ఒకరు రోజూ ఆయన దగ్గర కూర్చోవాలి. అది కుదరకపోతే ఆయన్ని ఆయన మానాన వదిలేసి, అన్నం దగ్గర మాత్రం అందరితో పాటు రమ్మనండి.

పై పద్ధతులన్నీ మామూలు అలవాటు కోసం. ఫోన్ తీసుకుంటే పిల్లాడు వస్తువులు విసిరికొడుతున్నా, బడి మానేసినా, ఆన్‌లైన్ ఆటల్లో డబ్బు పోగొట్టుకుంటున్నా, తిండీ నిద్రా తప్పినా బుట్టలతో, పందేలతో కాలయాపన చేయొద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే కౌన్సెలర్‌తో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి టెక్నాలజీ వ్యసనాలకే ప్రత్యేకంగా షట్ క్లినిక్ నడుస్తోంది. అంత దూరం వెళ్లే ముందు మీ ఊళ్లోని సైకియాట్రిస్ట్‌ని కలవండి, పిల్లాడిని తిట్టి తీసుకెళ్లకండి.